ఏడో సైరన్

పేలుడు దుమ్ము అణిగాక చూస్తే, మనిషన్నవాడు ఉండకూడని చోట ఒక మనిషి చచ్చిపడి ఉన్నాడు.

ఒంటిమీద వెండిరంగు కోటు. ముఖానికి వెండిరంగు ముసుగు.

సత్యమూర్తికి ఒళ్లు మండిపోయింది.

ఇనుప ఖనిజం తవ్వే ఆ కొండమీద పేలుళ్ల బాధ్యత అతనిదే. రోజూ మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగుతుంది. పదిహేను నిమిషాల్లో జనం, గొడ్డూగోదా వాగు దాటాలి. ఆ తర్వాతే మందు పేలుతుంది. ఇన్నేళ్లలో ఒక్కరికీ చిన్న దెబ్బ తగల్లేదు. అదంతా తన క్రమశిక్షణేనని అతని నమ్మకం.

"టీవీ వాళ్ల మనిషే! వేషం చూస్తే తెలియడంలేదూ?" అని అరిచాడు. "పిలవండి ఆ చక్రధరరావుని!"

వారం నుంచి కొండ కింద పాత గుంతలో సీరియల్ షూటింగ్ జరుగుతోంది. ప్రయోగశాలలో జన్యువులు మార్చి తయారుచేసిన వీరుల కథ. వాళ్లు లోయలు గెంతేస్తారు, దొర్లే బండల్ని ఒంటిచేత్తో ఆపేస్తారు.

ఆ సీరియల్ మేనేజర్ చక్రధరరావు ఎంగిలి చెయ్యైనా కడుక్కోకుండా జీపు దిగాడు.

"ఏమయ్యా, బండలు ఆపే నీ వీరుడు ఇవాళ ఆపలేకపోయాడేం?"

"మావాడు కాదు సార్! ఒంటిగంటన్నరకే అందరం కాలనీకి భోజనాలకి వెళ్లిపోయాం. పేరుపేరునా చూసుకుని వచ్చాను." వంగి చూసి ఎగిరిపడ్డాడు. "ఇది మా హీరో కోటు! వ్యాను పక్కన తాడుమీద ఆరేశాం. ఎవడో దొంగ వెధవ ఎత్తుకొచ్చాడు."

"దొంగా?" సత్యమూర్తి కాలి దగ్గరి రాయిని తన్నాడు. "ఒక దొంగ కోసం నేను సంజాయిషీలు రాసుకోవాలా?"

"దొంగ అనకు సార్."

వాగు వైపు నుంచి వచ్చిన భద్రమ్మ అన్న మాట అది. కిష్టారం దిక్కు నుంచి పదిహేను రోజుల కిందటే కూలికి వచ్చిన గుంపులో మనిషి. చంకలో నాలుగేళ్ల మనవరాలు. పిల్ల జుట్టంతా ఎర్రదుమ్ము, మోచెయ్యి గీసుకుపోయింది.

"నువ్వెవతివి? ఇక్కడ నీకేం పని?"

"షూటింగు చూడనీకి వచ్చినం. అగో, ఆ దిబ్బ మీద కూసున్నం. ఇరవై మందిమి. పిల్లలే ఎక్కువ."

"సైరన్ మోగింది కదా! చెవుల్లో దూది పెట్టుకున్నారా?"

"మోగింది. పొద్దుగాల సంది అది మోగుతనే ఉన్నది గద! ఆరుసార్లు మోగె. మోగినప్పుడల్లా హీరో ఉరుకుడు, మేము చూసుడు. ఏడోసారి మోగితే అది అసలుదని మాకేం ఎరుక? హీరో బువ్వ తిని వచ్చిండనుకున్నం."

సత్యమూర్తి చక్రధరరావు వైపు ఉరిమి చూశాడు.

తర్వాత శవం వైపు చెయ్యి చూపించాడు. "మరి వీడెవడు?"

"మాకూ తెల్వదు. ఎవరో ముసలాయన. కట్టెకు ఎర్ర తువ్వాల కట్టి ఊపుకుంట వచ్చిండు. ఇక్కడోళ్ల హల్బీ బాసల ఏందో మొత్తుకున్నడు, మాకు సమజ్ కాలే. ఈయన గూడ సీరియల్లోటోడే అని పిల్లలు నవ్విండ్రు." భద్రమ్మ పిల్ల జుట్టులోని దుమ్ము దులిపింది. "నేను గూడ నవ్విన సార్."

"తర్వాత?"

"ఉరికిపోయి ఆ కోటు తొడుక్కున్నడు. ముసుగు పెట్టుకున్నడు. మా ముందర నుంచే వాగు దిక్కు ఉరికిండు. హీరో, హీరో అని పిల్లలంత ఎంటబడ్డరు. పిల్లలు పోతే మేము కూసుంటమా? అందరం వాగు దాటినం. దాటినంక చూస్తే ఈ పిల్ల లేదు. నేను ఏడ్వబడితిని, ఆయన ఎన్కకు మళ్లిండు." పిల్లను గుండెకు అదుముకుంది. "ఆయన కడుపు కింద దొరికింది సార్ ఇది."

చక్రధరరావు సత్యమూర్తి చెవి దగ్గర గొణిగాడు. "దంతెవాడ నుంచి పోలీసులొస్తున్నారు. కోటు దొంగతనానికొచ్చి పేలుడులో పడ్డాడని రాయించేద్దాం సార్. మీకూ గొడవుండదు, మాకూ ఉండదు."

భద్రమ్మకు వినబడనే వినబడింది.

"రాయుండ్రి! సచ్చినోడు లేచొచ్చి అడుగుతడా? మీ కోటు మీకు ముద్దు. కడిగి మళ్ల మీ హీరోకు తొడుగుండ్రి!"

సత్యమూర్తి కోపంగానే శవం పక్కన కూర్చున్నాడు. కోపంగానే ముసుగు లాగాడు.

మళ్లీ లేవలేదు. పోలీసు జీపు వచ్చి ఆగినా లేవలేదు.

ఇన్‌స్పెక్టర్ కాగితాలు తీశాడు. "దొంగతనం కేసని చెబుతున్నారు. నిజమేనా? మనిషిని గుర్తుపట్టారా?"

"దొంగతనం కాదు. నేను చెప్పింది రాసుకోండి," అన్నాడు సత్యమూర్తి. "పొద్దుటి నుంచి ఆరుసార్లు సైరన్ మోగించింది నేను. ఈ టీవీ వాళ్లు మా అమ్మాయి జయని హీరో పక్కన నిలబెట్టి ఫొటో తీయిస్తామంటే, వాళ్ల సీను కోసం అడిగినప్పుడల్లా మోగించాను. అలా ఉత్తుత్తినే మోగించొద్దని చెప్పడానికి ఎవరో ముసలాడు గేటు దగ్గరికి వచ్చాడన్నారు. ఎవరని కూడా అడక్కుండా తరిమేయమన్నాను. అది ఇతనే. పేరు ఉంగ. ఇరవై రెండేళ్లు ఈ కొండ చుట్టూ ఎర్రజెండా పట్టుకుని తిరిగాడు. ఆఖరి మేకపిల్ల వాగు దాటేదాకా నన్ను మందు పేల్చనిచ్చేవాడు కాదు. సైరన్ ఉండగా జెండా ఎందుకని పోయిన నెల ఇతన్ని పనిలోంచి తీసేసింది కూడా నేనే."