తప్పుల్లేని వాక్యం

“తాకట్టు. ఈ మాటతో ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పు, బోటోండ్,” అన్నాను.

ఐర్లండులో హోటల్ పనికి వెళ్లాలని బోటోండూ అతని భార్యా హంగేరీలోని మా ఇంటికొచ్చి ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. ఆ రోజు పాఠం డబ్బు మాటలు.

బోటోండ్ పుస్తకంలోంచి తలెత్తకుండానే ఇంగ్లీషులో చెప్పాడు. “నేను మా మామగారి అకార్డియన్ తాకట్టు పెట్టాను.”

“భేష్! ఒక్క తప్పు లేదు. ఇప్పుడు ‘విడిపించడం’తో?”

“గడువు దాటిపోయింది. దాన్ని నేను విడిపించలేకపోయాను.”

“అబ్బో, ఇవాళ దంచేస్తున్నావే!”

నవ్వింది నేనొక్కదాన్నే. అతని భార్య ఎమోకె పెన్ను కింద పెట్టేసింది.

“రిపేరుకిచ్చానన్నావుగా?” అని హంగేరియన్‌లో అడిగింది మొగుణ్ణి.

“ఉదాహరణకి చెప్పాడులేమ్మా,” అన్నాను.

“మీరుండండి టీచర్. ఆదివారం మా నాన్న నామదినం పండగ. అకార్డియన్ వాయిస్తానని చుట్టాలందర్నీ పిలిచాడు.” మళ్లీ అతని వైపు తిరిగింది. “ఇంగ్లీషులో గడగడా చెప్పావుగా? అదే మాట మన భాషలో చెప్పు.”

బోటోండ్ నోరు తెరిచాడు.

పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న భాషలో అతనికి ఒక్క మాటా దొరకలేదు.