తోమేసిన రేసు ఇంజన్

పెట్రోలు ఇంజన్లు పోయి, వీధిలో బళ్ళు చప్పుడు మానేసి రెండు తరాలైంది. ప్రపంచం మొత్తానికి మిగిలిన పాత రేసు ఇంజన్ ఒక్కటే, అదీ మా హాల్లో ఉంది. దానితోనే మామగారి తాత పందేలు గెలిచారు. ఆ వేళ మ్యూజియం వాళ్ళు దాన్ని తీసుకుపోతారని మామగారు పొద్దున్నుంచీ ముద్ద ముట్టలేదు.

ముందురోజు ఆయుధపూజకని ఇత్తడి సామాన్లతోపాటు దాన్నీ విప్పి లోపలా బయటా చింతపండుతో తోమేశాను.

వచ్చిన అధికారిణి తెల్లబోయింది. "లోపలి మసి ఏదండీ? పందెంలో పరిగెత్తిందనడానికి రుజువు అదే కదా! ఇక మాకొద్దు."

"బతికించావమ్మా వినతా!" అంటూ మామగారు ఇంజన్‌ని వాటేసుకుని, నోటితోనే "డుర్ర్‌ర్..." మన్నారు.

గుమ్మం దాకా వెళ్ళిన ఆ అమ్మాయి వెనక్కి వచ్చి, చెప్పులు విప్పి కింద కూర్చుంది.

"మళ్ళీ అనండి తాతగారూ!"