ఈఫీ పోసిన టీ

ఈఫీ మెక్‌నీల్ ఒకే టీ ఆకును మూడుసార్లు మరిగించే మనిషి. అలాంటిది ఆ చలికాలం ఊళ్లో మగవాళ్లను పేరుపేరునా టీకి పిలిచింది. ఆడవాళ్లకు పిలుపు లేదు.

భర్త పోయి రెండేళ్లయిన ఆడమనిషి. కెనడాలోని కేప్ బ్రెటన్ తీరంలో చలికాలం చాలా పొడుగు. ఊరికి వేరే పనేముంది? ఎవరి మీద కన్నేసిందోనని ఆరా తీయడం మొదలుపెట్టింది. చివరికి అందరి చూపూ లాక్లన్ మీద ఆగింది.

లాక్లన్ పడవలు చేస్తాడు. నలభై దాటినా పెళ్లి కాలేదు. మిగతావాళ్లను వంతులవారీగా పిలిచే ఈఫీ, అతన్ని మాత్రం రోజూ రమ్మనేది.

"ఇంకో కప్పు పోయమంటారా?"

"ఇప్పటికే గొంతు దాకా ఉంది ఈఫీ."

"మీలా తాగేవాళ్లుంటేనే నాకూ పోయాలనిపిస్తుంది."

లాక్లన్ కప్పు చాపాడు.

ఆమె మర్యాదలో లోటు చేయలేదు. మంచులో పొదల దాకా నడిచే పని లేకుండా, మగవాళ్ల కోసం ఇంటి వెనకే చిన్న చెక్కపాక వేయించింది. అందులో దీపం కూడా పెట్టింది. "మగాడి కష్టం ఇంతగా తెలిసిన ఆడదాన్ని నేను చూళ్లేదు" అన్నాడు లాక్లన్, పాకలోంచి వస్తూ.

పక్కింటి పెగ్గీకి ఒళ్లు మండింది. గుమ్మంలోనే నిలబడి అడిగేసింది.

"మా హెక్టర్ ఇంట్లో టీ ముట్టడు. నీ ఇంట్లో కెటిల్ ఖాళీ చేస్తాడట. ఏంటే సంగతి?"

"నీ మొగుణ్ని నేనేం చేసుకుంటానే? నాకు కావలసింది ఉంచుకుని, మనిషిని నీకే పంపిస్తున్నాగా."

పెగ్గీ ఆ మాటను నేరుగా చర్చి దాకా మోసుకెళ్లింది. మర్నాడు ఫాదర్ మందలించడానికి వచ్చాడు.

"ఊరు ఏదేదో అనుకుంటోందమ్మా."

"అనుకోనివ్వండి ఫాదర్. చలిలో వచ్చారు, ముందు టీ తాగండి."

ఫాదర్ మూడు కప్పులు తాగాడు. ఆమె చూపిస్తే వెనక పాక దాకా వెళ్లొచ్చాడు. ఆ ఇంట్లో తనకు తప్పేమీ కనబడలేదని పెగ్గీకి చెప్పాడు.

ఊరు ఏమనుకున్నా, ఈఫీ దిగులు వేరు. కొడుకు రోరీకి కిల్టు లేదు, స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు కట్టే గళ్ల ఉన్ని కుచ్చెళ్ల పావడా.

స్కాట్లాండ్‌లోని బార్రా దీవి నుంచి ఇక్కడికి మొదటి ఓడలో వచ్చింది మెక్‌నీల్‌లు. అందుకే జూలై జాతరలో ఊరేగింపు ముందు నడిచేది ఎప్పుడూ ఆ ఇంటివాడే. ఆ ఇంటికి ఒక్కటే షరతు. ఒంటి మీద తమ ఇంట్లో నేసిన కిల్టు ఉండాలి. లేదా ఆ చోటు వేరేవాళ్లకు వదులుకోవాలి. ఆ చోటు తమకు దక్కుతుందన్న ఆశతోనే పెగ్గీ తన కొడుక్కి హాలిఫాక్స్ పట్నం నుంచి కొత్త కిల్టు తెప్పించి పెట్టింది.

రోరీ ముత్తాత ఓడ దిగినప్పుడు కట్టుకున్న కిల్టు మొన్నటిదాకా ఉండేది. భర్త ఆంగస్ శవాన్ని సముద్రం ఒడ్డుకు చేర్చిన రోజున, ఈఫీ దాన్ని అతనికే కట్టి మట్టిలో పెట్టింది. కొడుక్కి ఉంచమని అందరూ చెప్పారు. ఆమె వినలేదు.

ఇప్పుడు తనే నేయాలి. మగ్గం ఉంది. ఉన్ని ఉంది. నీలిమందు ఉంది. అత్తగారు నేర్పిన గళ్లు ఇంకా వేళ్లకు గుర్తున్నాయి. కానీ చలికి ముందు రంగు అద్దిన మొదటి దారం, నీళ్లు తగలగానే నీలమంతా వదిలేసింది. అత్తగారి చేతిలో రంగు ఎన్నడూ కదల్లేదు.

మంచు కరగగానే టీ పిలుపులు ఆగిపోయాయి. వెనక పాకకు తాళం పడింది. కొన్నాళ్లకు మగ్గం చప్పుడు మొదలైంది.

జాతర రోజున వాన కురిసింది. కొత్త కిల్టు రంగు కారి, పెగ్గీ కొడుకు తెల్లటి మేజోళ్లు మోకాళ్ల నుంచి మడమల దాకా పచ్చబడ్డాయి.

"ఏరా, నాచు పట్టిందా?" అన్నారెవరో.

రోరీ అందరికన్నా ముందు నడిచాడు. తడిసిన కుచ్చెళ్లు బరువుగా ఊగాయి. ఒక్క నీలం చుక్క కూడా రాలలేదు. ఈఫీ కొడుకును ఒకసారి చూసి, కొండ మీది సమాధుల వైపు తిరిగింది.

స్కాట్లాండ్ నుంచి అతిథిగా వచ్చిన పెద్దమనిషి రోరీని ఆపాడు. కిల్టు అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి. ఈఫీ వైపు తిరిగాడు.

"ఇది మా దీవుల వాసనమ్మా. అక్కడివాళ్లే దీన్ని మరిచిపోయారు. నీకెలా సాధ్యపడింది?"

"నాదేముందండీ. ఊళ్లో మగవాళ్లందరూ తలా కాస్త సాయం చేశారు."

ఆయన ఊరి మగవాళ్లకు టోపీ తీసి నమస్కరించాడు. ఏం సాయమో ఎవరికీ అంతుబట్టలేదు. అయినా ఫాదర్ వినయంగా తల వంచాడు.

వాన వెలిశాక లాక్లన్ వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. చేతిలో అడవిపూలు ఉన్నాయి.

"చలికాలమంతా పిలిచావు, మంచు కరగ్గానే మానేశావు. సిగ్గనుకున్నాను. ఇక నేనే అడుగుతున్నా ఈఫీ. ఇంతమందిలో నన్నే ఎందుకు రోజూ రమ్మన్నావు?"

ఈఫీ మొహం ఎర్రబడింది. కొడుకు కిల్టు వైపు చూసింది.

అత్తగారి బార్రా పద్ధతిలో నీలిరంగు ఉన్నిని వదలకుండా ఉండాలంటే తొట్టెడు పులిసిన మూత్రం కావాలి, వెనక పాకలోని తొట్టిలో సగం నింపింది లాక్లన్ ఒక్కడే.