ఫిల్టర్ తీసిన చెయ్యి

నీ తమ్ముడి మీద నువ్వు పెంచుకున్న అనుమానం దేవుడు చూడడం లేదనుకున్నావా?

ఒక కాలేజీ ఖగోళశాస్త్ర విభాగంలో అన్నదమ్ములిద్దరూ మాస్టర్లే. పరిశోధన వ్యాసంలో ముందు ఎవరి పేరుండాలన్న తగువుతో మాటలు మానేశారు.

విద్యార్థులకు సూర్యుణ్ణి చూపించే రోజు, అలవాటు ప్రకారం అన్న ముందుగా టెలిస్కోపులో కన్ను పెట్టబోయి ఆగాడు. నల్ల ఫిల్టర్ లేదు. అది లేకుండా చూస్తే కన్ను మాడిపోతుంది. ఫిల్టర్ తమ్ముడి చేతిలో ఉంది.

అన్నలో, బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను లేచాడు. "నన్ను గుడ్డివాణ్ణి చేద్దామనుకున్నావురా, పాపిష్టోడా!" అంటూ ఇనప రెంచితో మొహం పగలగొట్టాడు.

తమ్ముడు నెత్తురు ఉమ్మి, ఫిల్టర్‌ను వెలుగుకెత్తి చూపించాడు.

"దీనికి పగులుంది, అన్నయ్యా. అందుకే తీశాను. టెలిస్కోపుకు మూత పెట్టేలోపే మీదపడ్డావు."

అన్న కన్ను కాపాడినవాడి కన్నే పోయింది.

పొద్దు గుంకేలోగా కోపం విడిచిపెట్టమంది దేవుని వాక్యం. లే, ఈరోజే వెళ్ళి నీ తమ్ముడి తలుపు తట్టు!