ముట్టని పొట్లాలు

గూడెంలోని మందుల పెట్టె మూత తియ్యగానే కామేష్‌కి కళ్ళు తిరిగాయి. మూడు నెలల ఓఆర్ఎస్ పొట్లాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి చిరగలేదు!

ఆయన కొండ దిగువనున్న పీహెచ్‌సీలో ఫార్మసిస్టు. ఆ గూడేనికి దారి ఎంత నిటారంటే, ఎక్కేవాడి మోకాలు వాడి గడ్డానికే తగులుతుంది. మేకలు సైతం సగం దారిలో కూర్చుని వగరుస్తాయి. 'అక్కడ మందు ఖర్చే లేదు, అసలు మనుషులున్నారా?' అని పైఅధికారి అడిగితే, చూసి రావడానికి అంత కొండా ఎక్కాడు.

మనుషులున్నారు. అరుగు మీద ఐదేళ్ళ సోని వాడిన ఆకులా పడి ఉంది. పొద్దుటి నుంచి తొమ్మిదిసార్లు విరేచనాలు.

"ఏటి కనకా ఇది? మందెట్టుకుని గుంటకి అంబలి తాగిత్తన్నావా?"

ఆశా కార్యకర్త కనక తల వంచుకుంది. "నానేటి సేత్తాను సారూ? ఎవులూ ముట్టరు."

"ఏం, సేదా?"

"నోట్లో ఎట్టుకుంటే గదా తెలీడానికి!"

"బయమా?"

"సీ సీ."

"మరేటి? ఊరంతా కలిసి నా మీద పగబట్టినారా?"

"కొత్త అవ్వనేదు బాబూ," అన్నాడు పూజారి మంగ్లు, చుట్ట ఆర్పుతూ.

మామిడికాయైనా, చిక్కుడైనా, సామలైనా తొలిసారి ఇంటికొస్తే ముందు అమ్మోరికి పెట్టి కొత్త పండగ చెయ్యాలి. అంతవరకూ ఆ గూడెంలో చీమ కూడా దాన్ని నాకదు.

"ఇది పంట కాదు తాతా, గవర్మెంటు మందు!"

"కడుపులోకెల్లేదే గదా."

కామేష్ సోని వైపు చూశాడు. పెదాలు ఎండి అట్టలు కట్టాయి. వాదించే వేళ కాదు.

"సరే, ఆ పండగేదో ఇప్పుడే సేసెయ్యి. బేగి!"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు గూడెం మొత్తం లేచింది. కాచి చల్లార్చిన నీళ్ళలో పొట్లం కలిపారు. డప్పు మోగింది. కోడి 'కొక్' అనేలోపే దాని పని అయిపోయింది. మంగ్లు అమ్మోరి రాయి ముందు ఒక దొప్పెడు పోసి, రెండో దొప్ప కామేష్ చేతిలో పెట్టాడు. ఆయన గుటుక్కున తాగేశాడు. మూడోది సోనికి, చెంచా చెంచాగా.

పొద్దు వాలేసరికి సోని లేచి కూర్చుని, నా కోడికూరేదని అడిగింది.

కామేష్‌కి ప్రాణం లేచొచ్చింది. వెనకాలే కోపమూ వచ్చింది. "సిటికెలో అయిపోయే పనికి మూడు నెల్లు ఆగినారేటి తాతా? గుంట పోయుంటే?"

మంగ్లు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"అమ్మోరికెట్టాక ఎవులి పంటో ఆలే ముందు రుసి సూడాల బాబూ. ఇది నీ పంటని కనక సెప్పింది. నువ్వేమో నెలనెలా పెట్టినే పంపతన్నావు గానీ, నువ్వు రావే!"