కంపు బండి

“ఛీ ఛీ! నాన్నా, సీటు కింద ఎలక కాపురం పెట్టింది!” నైనిక ముక్కు మూసుకుని గరాజ్ బయటికి పరిగెత్తింది.

తేజేశ్వర్ మోటార్‌సైకిల్ సీటును పక్కన పెట్టి లోపలికి తొంగిచూశాడు. కొరికిన టిష్యూ ముక్కలు, వాటి మధ్య నల్లటి పెంటికలు. బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా ఏదో బూజులాంటిది పేరుకుంది. అమెరికాలో, వాళ్ళుండే అరోరాలో మొదటి మంచు పడ్డ రోజు గుడ్డ కప్పిన బండి అది. ఏప్రిల్ వచ్చాక ఇవాళే తీశాడు. స్టార్ట్ బటన్ నొక్కితే టిక్కుమని కూడా అనలేదు.

ఇంట్లోకి వెళ్ళే తలుపు దగ్గర స్పందన చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“చలికాలమంతా ఈ కంపు బండి లోపల వెచ్చగా పడుకుంది. నా కారేమో బయట మంచులో. రోజూ ఐస్ గీక్కుని ఆఫీస్‌కి వెళ్ళాను. ఈ ఆదివారం స్టార్ట్ కాకపోతే అమ్మేస్తానని మీరే అన్నారు.”

“సాయంత్రం దాకా టైముంది కదా స్పందనా!”

“ఉంది సార్, ఉంది. యాడ్ రాసి పెట్టుకున్నాను. పోస్ట్ చేయడమే లేటు.”

గరాజ్ మూల చిన్న స్టవ్ దగ్గర ఛాయాదేవి చేపముక్కలు తిరగేస్తోంది. ఇల్లంతా వాసన పడుతుందని, కొడుకు దగ్గరికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ వేపుళ్ళన్నీ అక్కడే చేస్తుంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“పెట్రోల్ కంపు చాలలేదని ఇప్పుడు ఎలక కంపు! నా చేపలక్కూడా అంటుకునేట్టుంది. ఛీ, పాడు బండి!”

“నీ ఫిష్ స్మెల్ కంటే అదే బెటర్ నానమ్మా!” బయటి నుంచి అరిచింది నైనిక.

“తినేటప్పుడు చెప్తా నీ సంగతి!”

పక్క వీధిలో ఉండే కౌస్తుభ్ మీటర్ పట్టుకుని వచ్చాడు. అతనికీ బండి ఉంది. ఎండాకాలం వారాంతాల్లో ఇద్దరూ కలిసే తిరుగుతారు. చేతికి గ్లవ్స్ వేసుకుని, మొహం వికారంగా పెట్టి, బ్యాటరీకి మీటర్ తగిలించాడు.

“తేజా, దీన్ని మొత్తం పిండేశారు కదరా. చార్జ్ పెట్టలేదా?”

“ప్రతి నెలా పెట్టాను. మార్చిలో కూడా ఫుల్ చేశాను.”

“అయితే ఇది చలికి చావలేదు. ఎవరో కీ ఆన్ చేశారు. అదీ ఒక్కసారి కాదు. ఇక్కడి బండ్లకి కీ తిప్పితే చాలు, హెడ్‌లైట్ దానంతటదే వెలుగుతుంది. ఇంజన్ నడవకుండా లైట్ వెలిగితే బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది?”

తేజేశ్వర్ కూతురి వైపు తిరిగాడు. “నైనికా, ఇటు రా. ఫ్రెండ్స్‌ని తీసుకొచ్చి దీని మీద ఫొటోలు దిగారా?”

“యక్! సీరియస్లీ? ఆ డర్టీ థింగ్‌ని నేను టచ్ కూడా చేయను! ఎందుకు నాన్నా ఎప్పుడూ నన్నే బ్లేమ్ చేస్తావు?” ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“పిల్లనెందుకు ఆడిపోసుకుంటావురా?” ఛాయాదేవి గరిటె ఝాడించింది. “నీ మతిమరుపు నాకు తెలీదా? చార్జింగ్ పెట్టి కీ తీయడం నువ్వే మర్చిపోయుంటావు. అయినా పట్టపగలు లైటెందుకు వెలగాలిట? మన గుడివాడలో ఏ బండికీ ఈ చోద్యం లేదు. ఛీ, దరిద్రపు ఏర్పాటు!”

చచ్చిన బ్యాటరీకి ఊతమిచ్చే జంప్ ప్యాక్ ఒకటి కౌస్తుభ్ తగిలించి చూశాడు. బండి ఒకసారి మూలిగి ఊరుకుంది. కుళ్ళిన కోడిగుడ్డు లాంటి వాసన గుప్పుమంది. అందరూ వెనక్కి గెంతారు.

“లాభం లేదు. లోపల పోయింది,” అన్నాడు.

“ఇక చాలు.” స్పందన ఫోన్ తీసింది. “యాడ్ పెట్టేస్తున్నాను.”

తేజేశ్వర్ సీటు తీసుకుని, దాని అడుగున అంటిన దుమ్మును అరచేత్తో తుడుస్తూ కూర్చున్నాడు.

“ఆగమ్మాయ్!” అంది ఛాయాదేవి. “ఈ కంపుకొట్టే శవాన్ని చూడ్డానికి ఎవరైనా వస్తే మన పరువేం కాను? తెలుగువాళ్ళు ఇల్లిలా పెట్టుకుంటారా అనుకోరూ? కొత్త బ్యాటరీ వేయించండి. ఆ ఎలక పెంటంతా కడగండి. నడిచే బండిని అమ్ముకున్నా గౌరవంగా ఉంటుంది.”

“అత్తయ్య చెప్పింది కరెక్టే,” స్పందన ఫోన్ దించింది. “వాసన చూస్తే ఎవరూ కొనరు.”

స్నేహితులిద్దరూ కౌస్తుభ్ కారులో వెళ్ళి కొత్త బ్యాటరీ తెచ్చారు. నైనిక మాస్క్ పెట్టుకుని, వాక్యూమ్ గొట్టాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని ఎలక గూడు పీల్చేసింది. పొద్దు వాలే వేళకి తేజేశ్వర్ బటన్ నొక్కాడు. బండి గుడగుడమని లేచింది. అతను వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. హెల్మెట్ తీస్తే మొహమంతా నవ్వే.

స్పందన ఆ మొహాన్ని కాసేపు చూసింది.

“సరే. ఇచ్చిన మాట ప్రకారం ఇవాళే స్టార్టయింది కాబట్టి ఉండనివ్వండి. కానీ వచ్చే చలికాలం నా కారే లోపల.”

“ఇంకెవరూ ఈ కీ ముట్టుకోవద్దు,” అన్నాడు తేజేశ్వర్, కూతురి వైపే చూస్తూ.

“గ్రాస్! హూ వుడ్?” అంది నైనిక.

“నాకైతే చూస్తేనే వాంతొస్తుంది,” అంటూ ఛాయాదేవి చేపల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్న కొడుకూ కోడలూ ఆఫీసులకి, మనవరాలు స్కూల్‌కి వెళ్ళిపోయారు. గరాజ్ తలుపు కిందికి దిగింది.

ఎప్పటిలాగే ఛాయాదేవి కుచ్చిళ్ళు ఎగదోపుకుని బండెక్కి కూర్చుంది.