అక్షరం, అంకె, మళ్లీ అక్షరం

"మళ్లీ తప్పు కొట్టినవ్," అన్నాడు తుల్సీరాం.

కంప్యూటర్ ముందు కూర్చున్న శ్రావణి తల వంచుకుంది.

కొత్తగూడెంలోని ఆ చిన్న ఆఫీసుకు ఉన్నది ఒకటే పని. అడవి పల్లెల నుంచి వచ్చే మలేరియా రక్తపరీక్షల ఫలితాలను కంప్యూటర్లోకి ఎక్కించడం. ఎవరి కోడు ఎదుట మలేరియా అని పడితే వాళ్లింటికి మందు వెళ్తుంది. కోడు తప్పితే మందు ఇంకో ఊరికి పోతుంది.

ఆ కోడు తయారుచేసింది ఆఫీసు పెద్ద తుల్సీరామే. ఒక అక్షరం, ఒక అంకె, మళ్లీ అక్షరం, మళ్లీ అంకె. ఊరు, వీధి, ఇల్లు, మనిషి అన్నీ అందులోనే ఉన్నాయని అతని గర్వం. తప్పులు పడితే వేళ్లదే నేరం, కోడుది కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

ఎప్పుడొచ్చిందో, ఎవరో ఒకామె శ్రావణి వెనుక నిలబడి ఆమె వేళ్లనే చూస్తోంది.

"కోడు మార్చుండ్రి సార్," అంది. "లెటర్లన్నీ ముందు, నంబర్లన్నీ వెనుక పెట్టుండ్రి. మూడు నంబర్లకో సందు ఇయ్యుండ్రి. గట్లయితే చెయ్యి అటూ ఇటూ ఉరకది, కన్ను తప్పది."

నీకెలా తెలుసని తుల్సీరాం అడిగాడు. పెళ్లికి ముందు హైదరాబాదులో ఫోన్ బిల్లులు ఎక్కించే పని చేశానంది.

"నౌకరీలు లేవమ్మా. ఉన్నా సలహాలు చెప్పేటోళ్లకియ్య. పోయిరా."

ఒక్కరోజు చేసి చూడండని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

ఆమె మాట తప్పని తేల్చడానికే మర్నాడు వచ్చిన చీటీలకు ఆమె చెప్పినట్టే కోడు వేయించాడు. సాయంత్రం దాకా సాగే పని మధ్యాహ్నానికే అయిపోయింది. సరిచూస్తే ఒక్క తప్పూ లేదు.

తుల్సీరాంలో ఒక మంచి గుణం ఉంది. ఓడితే ఒప్పుకుంటాడు. పైగా ఈసారి మహా ముచ్చటపడ్డాడు.

"ఆమె ఏడుంటదో కనుక్కో. రేపటి సంది ఈడనే పని. జీతం ఎంతడిగితే అంత."

శ్రావణి కుర్చీలోంచి లేవలేదు.

"ఆమె నౌకరీకి రాలే సార్. నిన్న బస్టాండు దాంక తోడు పోతే చెప్పింది."

"మరి ఎందుకొచ్చింది?"

"పోయిన వానకాలం మన కోడు తప్పి, ఒక తండాకు పోవాల్సిన మందు ఇంకో ఊరికి పోయింది. ఆ తండాల జ్వరమొచ్చి సచ్చిపోయిన పిల్లకు ఆమెనే తల్లి సార్."